మా డాబా మీది ఛత్రి

ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మనం ముందుగా ఏం చేస్తాం? మడత పెట్టని బట్టల కుప్పని తలుపు వెనక్కి తోస్తాం. సొట్టపడ్డ గిన్నెల్ని అటక మీదికి ఎక్కిస్తాం. చిరిగిన దుప్పటి మీద మంచి దుప్పటి పరుస్తాం. నేనైతే డాబా మీద ఛత్రిని దాచాను. నవ్వకండి! టీవీ కోసం మేడల మీద పెట్టుకునే డిష్షునే మా ఖాజాగూడలో ఛత్రి అంటారు. అందరి ఇళ్ళలో లాగా మాది నెలనెలా డబ్బు కట్టే కంపెనీ డిష్షు కాదు. దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్. ఒక్కసారి డబ్బా, ఛత్రి కొనుక్కుంటే చాలు, ఆ తర్వాత పైసా కట్టే పని లేదు. ఆ ‘ఫ్రీ’ అన్న మాటే నాకు నామోషీ అయింది.

మా ఇల్లు ఉత్తరం వాకిలి. వంటిల్లు వాస్తు ప్రకారం వెనక ఆగ్నేయ మూలన ఉంది. ఆ వంటింటి కప్పు మీద, నీళ్ళ ట్యాంకు చాటున, రోడ్డు మీద పోయేవాళ్ళ కంటపడకుండా పెట్టించాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు “ముందర పెడితే వైరు తక్కువ పడుతది అక్కా” అన్నాడు. “వద్దు తమ్ముడూ, వెనకనే పెట్టు” అన్నాను. ఎక్కువ పట్టిన వైరుకి విడిగా డబ్బులిచ్చాను. పొదుపు కోసం ఫ్రీ డిష్ పెట్టించుకుని, దాన్ని దాచడానికి ఖర్చు పెట్టిన తెలివైనదాన్ని నేను!

ఇది 2019 నాటి మాట. ఆ ఫిబ్రవరి నుంచి టీవీ చార్జీల పద్ధతి దేశమంతా మారింది, మీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ప్యాకేజీ అని అంతా కలిపి కట్టేవాళ్ళం. ట్రాయ్ కొత్త పద్ధతిలో మొదటి వంద చానెళ్ళకి 130 రూపాయల దాకా, దాని మీద జీఎస్‌టీ, ఆపైన డబ్బు చానెళ్ళు ఏవేవి కావాలో వాటి ధర విడిగా. వినడానికి కూరగాయల బజారులా బాగానే ఉంది, కావలసినవే ఏరుకోవచ్చు అనుకున్నాను. తీరా మా వారికి క్రికెట్టు, మా వాడికి ఇంగ్లీషు సినిమాలు, నాకు సీరియళ్ళు అన్నీ బుట్టలో వేసి తూకం వేయిస్తే పాత బిల్లు కంటే ఎక్కువే తేలింది. మా వారు ఐటీ కంపెనీల ఉద్యోగుల్ని ఆఫీసులకి దింపే క్యాబ్ నడుపుతారు. బండి కిస్తీ ఒక పక్క, మా వాడి ఇంటర్ ఫీజు ఒక పక్క. “ఆ టీవీ కనెక్షన్ ఒకటి తీసేస్తే పాయె” అన్నారు.

తీసేద్దామంటే ఇంట్లో అత్తమ్మ ఉంది. మామయ్య పోయిన దగ్గర్నుంచి ఆమెకి టీవీయే తోడు. పెద్దగా కోరికలు కూడా లేవు. దూరదర్శన్ యాదగిరిలో వార్తలు, వ్యవసాయం ముచ్చట్లు, భక్తి పాటలు, అంతే. పొలం అమ్ముకుని పాతికేళ్ళు దాటినా వరికి తెగులొస్తే ఏ మందు కొట్టాలో ఇప్పటికీ శ్రద్ధగా వింటుంది. ఎవరి వరికో మరి!

ఆ కేబుల్ కుర్రాడే చెప్పాడు, “ఆమె చూసేటివన్ని ఫ్రీ డిష్షుల వస్తయి గదక్కా” అని. డబ్బా, ఛత్రి, వైరు, బిగింపు అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది.

అప్పటిదాకా ఇలాంటిది ఒకటుందని నాకు తెలియదు. తర్వాత తెలుసుకున్నాను. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో 33 చానెళ్ళతో మొదలు పెట్టారట. కేబుల్ తీగ చేరని ఊళ్ళకీ, దూరదర్శన్ టవర్ అందని గుట్టల వెనక ఊళ్ళకీ పనికొస్తుందని. తర్వాత దానికే ఫ్రీ డిష్ అని పేరు మార్చారు. దీని చానెళ్ళు మన ఇస్రో వాళ్ళ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. దాన్ని 2015 నవంబరులో ఎక్కడో దక్షిణ అమెరికాలో, ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్ మీద పంపారు. అది భూమధ్యరేఖకి పైన, నికోబార్ దీవులకి సూటిగా దక్షిణాన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. భూమితో పాటే తిరుగుతుంది కనక మనకి ఎప్పుడూ ఒకే చోట ఉన్నట్టే. మా ఖాజాగూడ నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, నేల అంచు నుంచి 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే నడినెత్తికి కాస్త కిందుగా అన్నమాట. ఆగ్నేయం అనగానే అత్తమ్మ ఎంత సంబరపడిందో! “అగ్గి మూలకు మొకం పెట్టింది, మంచిదే” అంది.

ఒక్క మాట. ఛత్రిని చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు, ఎదురింటి కిటికీలోకి తొంగి చూస్తున్నట్టే ఉంటుంది. దాని గిన్నె కట్టుబడే అంత. కింద కొమ్ముకి ఉన్న బుడిపె ఉంది చూశారూ, ఎల్‌ఎన్‌బీ అంటారు, పై నుంచి పడిన సంకేతం గిన్నెకి తగిలి వంగి వచ్చి ఆ బుడిపెలో పడుతుంది. అందుకని గిన్నె నిటారుగా ఉన్నా చూపు మాత్రం పైకే.

మొదట్లో నేను చేసిన ఒక నిర్వాకం చెప్పాలి. పెట్టించిన నెల రోజులకే మధ్యాహ్నం పూట బొమ్మ ముక్కలు ముక్కలుగా రావడం మొదలైంది. పొద్దున బాగుంటుంది, సాయంత్రం బాగుంటుంది, మధ్యాహ్నమే ఈ తంతు. డబ్బా పాడైందనుకున్నాం. కుర్రాడు వచ్చి డాబా ఎక్కి చూసి పకపకా నవ్వాడు. ఛత్రి కడ్డీకి నేను బట్టల తాడు కట్టాను! తడి దుప్పట్లు ఆరేసినప్పుడల్లా ఆ బరువుకి కడ్డీ వంగి ఛత్రి చూపు తప్పుతోంది. వేలెడు కదిలినా అంత దూరాన ఉన్న ఉపగ్రహం తప్పిపోతుందట. మీ ఇంట్లో కూడా అలాంటి తాడేదైనా ఉంటే ఈ పూటే విప్పెయ్యండి. వైరు బిగించే మర దగ్గర నీళ్ళు దిగకుండా టేపు కూడా చుట్టించండి. వానాకాలంలో సగం తంటాలు అక్కడే. కుండపోతగా వాన పడుతున్నప్పుడు బొమ్మ పోతే మాత్రం ఎవరినీ పిలవకండి, వాన తెరిపివ్వగానే అదే వస్తుంది.

చానెళ్ళ సంగతి దాచను. తెలుగులో మాకు ముఖ్యంగా దొరికినవి యాదగిరి, సప్తగిరి. 2014లో రాష్ట్రాలు రెండైనప్పుడు హైదరాబాద్ కేంద్రానిది యాదగిరి అయింది, సప్తగిరి ఆంధ్రకి వెళ్ళింది. మిగతావి చాలావరకు హిందీయే. ఫ్రీ డిష్‌లో చోటుని దూరదర్శన్ వేలం వేస్తుంది, ఆ వేలంలో కొనుక్కునే ప్రైవేటు చానెళ్ళలో హిందీవే ఎక్కువ. నా సీరియళ్ళు పోయాయి. పెళ్ళి పీటల దాకా వచ్చిన కథ ఒకటి అలా మధ్యలోనే ఆగిపోయింది, ఆ పిల్ల పెళ్ళయిందో లేదో నాకు ఈనాటికీ తెలీదు. మొదట వారం రోజులు కోపం వచ్చింది. తర్వాత సాయంత్రాలు ఎంత ఖాళీ అయ్యాయో చూసుకుని ఆశ్చర్యపోయాను.

ఇంతలో 2020 వచ్చింది. లాక్‌డౌన్‌లో ఐటీ ఆఫీసులన్నీ ఇళ్ళకి మారిపోయాయి. ఖాజాగూడ చౌరస్తాలో పొద్దున లేస్తే ఆగని హారన్ల మోత ఒక్కసారిగా ఆగిపోయింది. మా వారి బండి గేటు లోపల దుమ్ము పట్టింది. ఎక్కే మనుషులే లేకపోతే క్యాబ్ ఎవరికి? ఆ నెలల్లో పాల లెక్క, గ్యాసు లెక్క, బియ్యం లెక్క రాసుకుంటుంటే టీవీ కింద సున్నా అని రాసేదాన్ని. ఆ సున్నాని చూస్తే ఎంత ధైర్యంగా ఉండేదో! మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో రామాయణం మళ్ళీ వేశారు. 1987లో ఆదివారాలు చూసిన రామాయణమే. అప్పుడు నాకు ఆరేళ్ళు, ఇంటికి పదిళ్ళ అవతల టీవీ ఉన్న వాళ్ళ గుమ్మంలో కూచుని చూశాను. ఇప్పుడు మా ఇంట్లో మా వారు, మా వాడు, అత్తమ్మ, నేను అందరం ఒక్క చాప మీద. ఆయనకి పొద్దుటి పూట ఇంట్లో ఉండడం పెళ్ళయ్యాక అదే మొదలు.

సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో బడి పాఠాలు టీవీలో మొదలయ్యాయి. యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ, మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. మా ఇంటి వెనక ఖాళీ జాగాకి అప్పట్లో కాపలా ఉండే కుటుంబం ఒకటి రేకుల గుడిసెలో ఉండేది. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆమె మా ఇంట్లో పనికి వచ్చేది. కూతురు సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది తండ్రి జేబులో. “అక్కా, మా పిల్ల గంట సేపు మీ టీవీ చూస్తదా?” అని ఆమె అడిగినప్పుడు నేను కాస్త తటపటాయించాను. కరోనా రోజులు కదా. అత్తమ్మే “రమ్మను, కిటికీ తెరిచి దూరంగ కూసుండబెడదం” అంది.

ఆ పిల్ల నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని వచ్చేది. టీవీలో టీచరు అడిగిన ప్రశ్నకి నిజంగా చెయ్యి ఎత్తేది! మళ్ళీ మమ్మల్ని చూసి సిగ్గుపడి దించేసేది. టీచరు బోర్డు మీద రాసింది తుడిచేలోపు రాసుకోలేకపోతే అత్తమ్మ టీవీతో పోట్లాడేది, “ఆగవయ్యా, పిల్ల రాస్తుంది గదా!” అని. టీవీ ఎక్కడన్నా ఆగుతుందా?

అలా కూచున్న ఒక రోజునే అత్తమ్మ ఈ ముచ్చట చెప్పింది. “మా తల్లిగారి ఊర్ల మేం గూడ గిట్లనే చూసినం. అది గూడ ఛత్రీయే. కోళ్ళగూటికి కొట్టే జాలితోటి చేసిండ్రు, అర్ర అంత ఉంటుండె.” నేను నమ్మలేదు. ఆమె పుట్టిల్లు మహబూబ్‌నగర్ జిల్లాలో చిన్న ఊరు. ఆమె చెప్పేది తన పెళ్ళికి ముందు మాట. హైదరాబాద్‌లోనే టీవీ లేని రోజుల్లో ఆ ఊళ్ళో ఛత్రి ఏమిటి?

తర్వాత మా వాడు చూసి చెప్పాడు, నానమ్మ మాట అక్షరాలా నిజమని. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఏడాది పాటు అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకి ఎరువిచ్చారట. దాని ద్వారా మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెల్లో ఊరికొక టీవీ పెట్టారు. పది అడుగుల వెడల్పు జాలీ ఛత్రి, బడిలో టీవీ పెట్టె. పొద్దున పిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్ళకి సేద్యం, ఆరోగ్యం, పిల్లల పెంపకం. సైట్ అని దాని పేరు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో గాని మొదలు కాలేదు. అంటే పట్నం కంటే ముందే మా అత్తమ్మ ఊరు టీవీ చూసింది! అది తెలిశాక ఆమె నడకే మారిపోయింది లెండి.

“మంచిగుండె. ఊరంత బడి ముందర కూసుంటుంటిమి. గంపెడాశ పెట్టిండ్రు. ఏడాది కాంగనే బందు జేసిండ్రు” అంది. ఆ ఉపగ్రహాన్ని అమెరికా వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళ ఊళ్ళో ఆ టీవీ పెట్టెకి గుడ్డ కప్పి బడి గదిలో ఓ మూలకి నెట్టారట. ఎప్పుడైనా మళ్ళీ వస్తుందేమో అని సాయంత్రాలు ఆడపిల్లలు వెళ్ళి ఆ గుడ్డ ఎత్తి చూసి వచ్చేవాళ్ళట. ఆ మరుసటేడు ఆమెకి పెళ్ళయి ఖాజాగూడ వచ్చేసింది.

ఆ కాపలా కుటుంబం తర్వాత ఇంకో చోట పని దొరికి వెళ్ళిపోయింది. వాళ్ళు కాపలా కాసిన ఆ ఖాళీ జాగాలోనే తవ్వకం మొదలైంది. ఖాజాగూడ సంగతి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను 2001లో కోడలిగా వచ్చినప్పుడు మా డాబా ఎక్కితే ఇటు గుట్టల మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు, అటు పెద్ద చెరువు కనిపించేవి. ఇప్పుడు గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ మూడు వైపుల నుంచీ మేడలు మా మీదికి నడిచి వచ్చాయి. బండరాయిని పగలగొట్టే చప్పుడుకి షెల్ఫులో స్టీలు గ్లాసులు గజగజా వణికేవి. ఆ మేడ నెలకో అంతస్తు, రెండేసి అంతస్తులు లేస్తూ పోయింది. నేను వంటింటి కిటికీలోంచి లెక్క పెట్టేదాన్ని. ఇరవై దాటాక మానేశాను.

2024 సంక్రాంతి ముందు రోజు. సకినాలు కాలుస్తున్నాను. “ఏందే, బొమ్మ పాయె!” అని అత్తమ్మ కేక. మబ్బు లేదు, వాన లేదు. టీవీలో సిగ్నల్ లేదు అన్న మాట ఒక్కటే కనిపిస్తోంది. ఇంతకుముందు కుర్రాడు నేర్పినట్టు రిమోట్‌తో సిగ్నల్ పేజీ తీశాను. అక్కడ రెండు గీతలుంటాయి, బలం అని ఒకటి, నాణ్యత అని ఒకటి. బలం గీతని చూసి మోసపోకూడదు. ఛత్రికి కరెంటు అందుతుంటే చాలు, అది ఎంతో కొంత చూపిస్తూనే ఉంటుంది. నాణ్యత గీత పైకి లేస్తేనే ఉపగ్రహం దొరికినట్టు. మాకు నాణ్యత సున్నా.

పండగ వెళ్ళాక కుర్రాడు వచ్చాడు. చేతిలో చిన్న మీటరు పట్టుకుని డాబా అంతా తిరిగాడు. ట్యాంకు మీదికి కూడా ఎక్కి చూశాడు. దిగి వచ్చి వెనక మేడ వైపు చెయ్యి చూపించాడు. “గది అడ్డమొచ్చిందక్కా. ఛత్రికి, శాటిలైటుకి నడుమ గోడ లేసింది. ఈ మూలన ఇంక దొరకది. ముందర బాల్కనీ పిట్టగోడ మీద పెడితే దొరకొచ్చు. దూరం జరిగినకొద్దీ మేడ తల మీదికెల్లి చూపు పోతది.”

ముందర! గేటు మీద, రోడ్డు మీద పోయే ప్రతివాళ్ళకీ కనబడేట్టు! మా ఎదురుగా ఇప్పుడు అపార్టుమెంటు ఉంది. అందులో ఆడవాళ్ళతో నాకు మాట, మంతి, పేరంటం ఉన్నాయి. “అక్కడొద్దులే తమ్ముడూ. తర్వాత చూద్దాం” అన్నాను. అతను మెట్ల మీద దిగుతూ “పోనీ ఒక పని చెయ్యక్కా. ఏటా మార్చి నడుమల కొన్ని రోజులు పొద్దున పదకొండు దాటినంక ఐదు పది నిమిషాలు బొమ్మ పోతుంటది, యాదికుందా? అప్పుడు సూర్యుడు సరిగ్గ శాటిలైట్ వెనకకొస్తడు, ఆ వేడికి సిగ్నల్ మునిగిపోతది. ఆ రోజు ఆ టైముకి మీ డాబా మీద ఎక్కడ ఎండ పడితే అక్కడ సిగ్నల్ పడుతది. నీడ పడ్డకాడ పడది. మీటరు గూడ అక్కర లేదు” అన్నాడు.

ఇంట్లో మాత్రం నేను వేరుగా చెప్పాను. “టవర్ అడ్డమొచ్చిందట, ఇంక ఫ్రీ డిష్ రాదట” అన్నాను. బాల్కనీ సంగతి మింగేశాను. ఈ మాట మా వారికి ఇప్పటికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

మా వారు కంపెనీ డిష్షు పెట్టిద్దామన్నారు. నెలనెలా కట్టాలనగానే అత్తమ్మ ఒప్పుకోలేదు. మా వాడు తన పాత ఫోన్లో యాదగిరి పెట్టి ఇచ్చాడు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళు ఆమెవి. అరచేతిలో బొమ్మ ఏం కనిపిస్తుంది? వేలు ఎక్కడో తగిలి అది ఇంకేదో అయిపోయేది. రెండు రోజులు చూసి దిండు కింద పెట్టేసింది. “మల్ల బందు జేసిండ్రు. అప్పుడు గూడ గిట్లనే” అని ఒక్కసారి అంది. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. సాయంత్రం వార్తల వేళకి కుర్చీ టీవీ వైపు కాకుండా గేటు వైపు తిప్పుకుని కూచునేది. టీవీ మీద దుమ్ము పడుతుందని ఒక పాత చీర ముక్క కప్పింది. ఆ గుడ్డని చూసినప్పుడల్లా నాకు ఆ బడి గది గుర్తొచ్చేది. అయినా నోరు తెరవలేదు. ఎంత మొండిదాన్నో చూశారా?

మార్చి వచ్చింది, ఎండలు ముదిరాయి, సగ్గుబియ్యం వడియాలు పెట్టే రోజులు. పన్నెండో తారీకు మంగళవారం పొద్దున్నే జావ కాచి, ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి ముద్ద కలిపి డాబా ఎక్కాం. ఎప్పటిలాగా వెనక పక్క చీర పరచబోయాను. “ఆడ వద్దే, పదింటికల్ల నీడ పడుతది. ముందరికి తే” అంది అత్తమ్మ. మొన్నటి ఎండలో మిరపకాయలు ఆరబోసినప్పుడు చూసిందట. ముందు పక్క, బాల్కనీ పిట్టగోడ పక్కన చీర పరిచాం. ఆమె గరిటెతో పోస్తోంది, నేను గిన్నె అందిస్తున్నాను.

మాటల్లో చూసుకోలేదు, పదకొండుంపావు అయింది. తలెత్తి చూస్తే మేడ నీడ వెనక మూల మొత్తాన్ని కమ్మేసింది. ట్యాంకు, మా పాత ఛత్రి, బట్టల తాళ్ళు అన్నీ నీడలో ఉన్నాయి. ముందు పక్క మా వడియాల మీద మాత్రం కళ్ళు చెదిరే ఎండ. నీడ అంచు కత్తితో కోసినట్టు డాబా మధ్య నుంచి పోతోంది. ఆ కుర్రాడు చెప్పిన మాట గుండెలో గుచ్చుకుంది. ఎండ పడిన చోట సిగ్నల్ పడుతుంది. నేను ఏ చోటు వద్దన్నానో సరిగ్గా అక్కడే.

గబగబా కిందికి వెళ్ళి ముగ్గు డబ్బా తెచ్చాను. నీడ జరిగిపోకముందే దాని అంచు వెంట పిట్టగోడ నుంచి పిట్టగోడ దాకా ముగ్గుతో గీత గీశాను. “ఏందే, నడెండల ముగ్గేస్తున్నవ్?” అంది అత్తమ్మ. ఛత్రి సంగతి చెప్పాను. ఈ గీతకి ఇవతల పెడితే బొమ్మ వస్తుందట అన్నాను, ఇప్పుడే తెలిసినట్టు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. నా వైపు చూడకుండా, “ముందర పెడితే వస్తదని ఆ పిలగాడు అప్పుడే జెప్పె గదా. మెట్ల కింద కూసున్న, ఇన్న” అంది.

రెండు నెలలు! విని కూడా రెండు నెలలు ఒక్క మాట అనలేదు. నేను వద్దన్నానని ఊరుకుంది. ఎందుకు వద్దన్నానో కూడా తెలిసే ఉంటుంది. నాకు చేతిలో ముగ్గు చేతిలోనే ఉండిపోయింది. ఆమె మళ్ళీ గరిటె తీసుకుని “జావ గట్టిపడుతుంది, గిన్నె ఇటు తే” అంది.

ఆ ఆదివారం కుర్రాడు వచ్చి ముగ్గు గీత చూసి “అక్కా, నువ్వు నా పనికి రా” అన్నాడు. పిట్టగోడకి నాలుగు మేకు బోల్టులు కొట్టి ఛత్రి బిగించాడు. పాత రోజుల్లో యాంటెనా తిప్పినప్పటిలాగే ఒకరు పైన, ఒకరు మెట్ల మీద, ఒకరు టీవీ ముందు. “వచ్చిందా?” “రాలే!” “ఇప్పుడు?” “జరంత వచ్చి పాయె!” అని కేకలు. ఎదురు అపార్టుమెంటు బాల్కనీల్లోకి జనం వచ్చారు. నేను పైన ఛత్రి పట్టుకుని నిలబడ్డాను. నాణ్యత గీత లేచింది అని మా వాడు అరిచాడు. ఆ వెంటనే కింద నుంచి యాదగిరి గొంతు వినిపించింది.

ఆ వారంలోనే ఎదురింటావిడ అడగనే అడిగింది, “వదినా, ఆ డిష్షు ఏ కంపెనీది?” అని. “ఏ కంపెనీదీ కాదు, గవర్నమెంటుది, ఫ్రీ” అన్నాను. ఆవిడ “ఓహో” అని, పాలవాడు ఈ మధ్య నీళ్ళు కలుపుతున్నాడన్న విషయంలోకి వెళ్ళిపోయింది. ఐదేళ్ళు నేను భయపడింది ఆ ఒక్క ఓహోకి!

ఏప్రిల్ 5న శాంతి స్వరూప్ గారు కన్నుమూశారు. దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తల గొంతు ఆయనది. 1983లో మొదలు పెట్టి 2011లో రిటైరయ్యేదాకా ఆయన్ని చూస్తూనే ఉన్నాం. మొదట్లో తెర మీద చూసి చదివే యంత్రం లేక వార్తలన్నీ కంఠతా పట్టి చెప్పేవారట. ఆ సాయంత్రం అత్తమ్మ కుర్చీ టీవీకి మరీ దగ్గరగా జరుపుకుంది. “మీ మామకు ఏడింటికి అన్నం బెట్టాల్నంటే ముందుగాల ఈయన రావాలె. వార్తలు అయినంకనే కంచం ముట్టుతుండె” అంది. ఆ పూట నేను కూడా ఆమెకి వార్తలయ్యాకే అన్నం పెట్టాను.

ఛత్రి పిట్టగోడ మీదే ఉంది. కాకులు వాలుతున్నాయని అత్తమ్మ ఒక ఎర్ర గుడ్డ కట్టింది. దాంతో ఇంకా బాగా కనిపిస్తోంది! మేడ పక్క జాగాలో ఇప్పుడు ఇంకో గుంత తవ్వుతున్నారు. అది ఎన్ని అంతస్తులు లేస్తుందో తెలీదు. సెప్టెంబరు ఆఖర్లో, అక్టోబరు మొదట్లో కూడా సూర్యుడు పదకొండింటి ప్రాంతంలో అదే చోటికి వస్తాడట. ముగ్గు డబ్బా డాబా మెట్ల దగ్గరే ఉంచాను.